మంచు వాలు దగ్గర మింగిన మాట

నాకు నోరెక్కువని పేరు. తబూక్‌లో ఉన్న తెలుగువాళ్ళలో ఎవరినడిగినా ఈ మాటే చెబుతారు. ఎవరింట్లో సాంబారు నీళ్ళగా ఉన్నా, ఎవరి కారు టైర్లు అరిగిపోయినా, ఎవరి పిల్లాడు లెక్కల్లో వెనకబడినా ముందు లేచేది నా నోరే. మా ఆవిడ దీన్ని జబ్బంటుంది. అలాంటివాణ్ణి, తెరవాల్సిన ఒకే ఒక్క చోట నోరు మూసుకున్నాను. దానివల్ల ఒక మనిషి పోయాడు. ఇది రాద్దామని కూర్చోవడం ఇది నాలుగో చలికాలం. పడమటి కొండల మీద మంచు పడిందని తెలియగానే కాగితాలు ముందేసుకుంటాను, అది కరిగేలోపు మడిచి బీరువాలో పెట్టేస్తాను.

సౌదీలో మంచేమిటని మా ఒంగోలు వైపు చుట్టాలు ఇప్పటికీ నవ్వుతారు. ఎడారి అనగానే ఒంటెలూ ఇసకా తప్ప వాళ్ళకింకేమీ తట్టదు. తబూక్ నుంచి పడమటికి కారులో పోతే ఎత్తైన కొండలున్నాయి. కొన్ని చలికాలాల్లో వాటి మీద మంచు పడుతుంది. పడిందంటే ఆ వారాంతం ఊరు ఊరంతా అటే కదులుతుంది. రోడ్డు పక్కన కార్లు ఆపి, చాయ్ ఫ్లాస్కులు దించుకుని, గడ్డాలు నెరిసినవాళ్ళు కూడా ఒకరి మీద ఒకరు మంచుముద్దలు విసురుకుంటారు. ఆ రోడ్డు పక్కన భయమేమీ లేదు. రోడ్డు వదిలి లోపలికి నడిచినప్పుడే వస్తుంది చిక్కు.

నా ఉద్యోగం ఇక్కడ ఒక పెద్ద పొలంలో. మన్ను చూసే పని. పొలమంటే మన మళ్ళూ గట్లూ కాదు. చక్రాల మీద తిరిగే పొడవాటి పైపులు నీళ్ళు చల్లుతుంటే గుండ్రంగా పెరిగే గోధుమా, బంగాళాదుంపా, పశువుల మేతా. ఒక చివర నిలబడితే రెండో చివర మనిషి చీమంత. అక్కడక్కడా మనిషి లోతు గుంట తీయించి, నేను అందులో దిగి, గుంట గోడ మీద మట్టి పొరలు చూస్తాను. ఏ పొర నీళ్ళు తాగుతుంది, ఏది తాగదు, ఏ పొర మీద పైది నిలవదు. ఇరవై ఏళ్ళుగా చేస్తున్నది ఇదే. మట్టి గోడ చూస్తే నాకు మనిషి ముఖం చూసినంత తేలిగ్గా అర్థమవుతుంది.

నన్ను ఆ గుంటల దగ్గరికి పికప్‌లో తిప్పేది ఒక డ్రైవర్ భాయ్. పాకిస్తాన్ ఉత్తరాన, మంచుకొండల మధ్య ఊరు అతనిది. నాకన్నా పదేళ్ళు పెద్ద. ఒకరోజు నేను గుంటలో ఉండగా పైనుంచి తొంగిచూసి, మా ఊళ్ళో మంచు కూడా అచ్చం ఇలాగే పొరలు పొరలుగా ఉంటుంది సాబ్ అన్నాడు. అలా మొదలైంది. ఆ తర్వాత రెండేళ్ళపాటు, గుంటకీ గుంటకీ మధ్య దారి పొడుగునా, అతను నాకు మంచు గురించి చెబుతూనే ఉన్నాడు.

మొదటి మంచు పడుతుంది. తర్వాత వారం పది రోజులు మబ్బు లేకుండా, చుక్కలు కనబడే గడ్డ చలి రాత్రులు వస్తే, ఆ అడుగు మంచు పట్టు వదిలి చక్కెరలా గింజలు గింజలుగా అయిపోతుంది. దాని మీద మళ్ళీ గాలితో మంచు పడితే పైన పలకలా గట్టిపడుతుంది. చూడ్డానికి ఎంతో గట్టిగా ఉంటుంది. కానీ కింద ఉన్నది చక్కెర. మరీ నిట్టనిలువుగా ఉన్న కొండ మీద మంచు నిలవదు కాబట్టి దానికి అంత భయపడక్కర్లేదు, మరీ ఏటవాలు లేనిదానికీ భయపడక్కర్లేదు. మనిషి కష్టపడి ఎక్కగలిగినంత వాలు, గాలి అవతలి పక్కనుంచి మంచు తెచ్చి పోసే పక్క, కింద ఇరుకు గండి, ఈ మూడూ కలిసిన చోట కాలు పెట్టకూడదు. చిన్న చరియే జారినా ఇరుకులో పడి లోతుగా కప్పేస్తుంది. కాలికింద 'వుఫ్' అని చప్పుడొస్తే ఇక ఆలోచించకూడదు, వెనక్కి రావాలి.

ఇంకొకటి కూడా చెప్పాడు. అలాంటి వాలు దాటక తప్పనప్పుడు వాళ్ళ ఊరివాళ్ళు ముందు ఆగుతారట. ఆగి, ఏం జరగొచ్చో ఒక్కొక్కరూ బయటికి గట్టిగా చెబుతారట. అదిగో అక్కడ విరగొచ్చు. విరిగితే నేను ఇటు పరిగెత్తుతాను. నా మీద కళ్ళు నీవి. అలా చెప్పి, ఒక్కొక్కరే దాటుతారు. దాటేవాడు మధ్యలో ఒకసారి చెయ్యెత్తుతాడు, చూస్తున్నావా అని. కళ్ళు అప్పగించుకున్నవాడు రెప్ప వెయ్యకుండా చూస్తాడు, ఎందుకంటే మనిషి మాయమైతే ఆఖరిసారి కనబడిన చోటు నుంచే వెతకడం మొదలుపెట్టాలి. పావుగంట దాటితే ఆశలు సన్నగిల్లుతాయి.

"ముహ్ సే బోలో సాబ్," అనేవాడు. నోటితో చెప్పాలి. మనసులో అనుకుంటే చాలదు. అతని అన్న ఒక్కడే మేకల వెనక వెళ్ళి దాటాడట, కళ్ళు అప్పగించడానికి ఎవరూ లేరు. వసంతంలో దొరికాడు.

ఇదంతా నాతోపాటు విన్న మనిషి ఇంకొకడున్నాడు. తబూక్‌లో మందుల షాపులో పనిచేసే ఫార్మసిస్టు, కర్నూలువాడు, నాకన్నా పదిహేనేళ్ళు చిన్న. సొంత తమ్ముడు కాదు, కానీ తమ్ముడనే అనేవాణ్ణి. వాడు నన్ను అన్నా అనేవాడు. వరస ప్రకారం వాడి పెళ్ళాం నన్ను బావగారూ అనాలి. ఆ అమ్మాయి కూడా అన్నా అనే పిలిచేది, మీ వరసలు ఏ పురోహితుడూ తేల్చలేడని మా ఆవిడ ఎగతాళి చేసేది. వాళ్ళకొక చిన్న పాప, అప్పటికి ఆరేళ్ళు. నన్ను పెదనాన్నా అనేది.

తమ్ముడికి కథలంటే ప్రాణం. సెలవు రోజున పొలానికి వచ్చి, పికప్‌లో మా ఇద్దరి మధ్య ఇరుక్కుని కూర్చుని భాయ్‌ని అడిగిందే అడిగేవాడు. చివరికి నవ్వేసేవాడు.

"మనకెందుకన్నా ఇయ్యన్నీ! మా కర్నూల్లో కొండ అంటే కొండారెడ్డి బురుజే. దాన్నుంచి ఏమి జారుతాది, పావురాలు తప్ప?"

ఈ చెవితో విని ఆ చెవితో వదిలేశాడనుకున్నాను.

ఇప్పుడు మన సంగతి చెప్పాలి. మనం చెడ్డమాట నోటితో అనం. బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం. దీపం ఆరిపోతే కొండెక్కిందంటాం. పోతున్నా అనం, పోయొస్తా అంటాం. పైన ఎక్కడో తథాస్తు దేవతలు తిరుగుతూ ఉంటారు, మనం ఏదంటే దానికల్లా తథాస్తు అంటారు, అందుకని ప్రయాణానికి బయల్దేరేటప్పుడు నోరు మరీ జాగ్రత్తగా ఉండాలి. మా అమ్మమ్మ చెప్పింది, మా అమ్మ చెప్పింది, మా ఆవిడా చెబుతుంది. పొలంలో మట్టి పరీక్షలు చేసే నేను దీన్ని నమ్ముతానా అంటే, నమ్మనని చెబుతాను. కానీ మా ఇంట్లో కొత్త కారు కింద నిమ్మకాయలు పెట్టింది నేనే.

ఆ ఏడు మంచు రెండుసార్లు పడింది. మొదట కొంచెం. తర్వాత తొమ్మిదో పదో రాత్రులు ఆకాశం అద్దంలా ఉంది, పొద్దున పొలంలో పైపుల చివర్ల నీళ్ళు గడ్డకట్టి వేలాడేవి. ఆ తర్వాత గాలితో రెండో మంచు. భాయ్ చెప్పిన వరస తు.చ. తప్పలేదు. భాయ్ మాత్రం అప్పుడు సెలవు మీద వాళ్ళ ఊరెళ్ళి ఉన్నాడు.

శుక్రవారం పొద్దున మూడు కార్లలో బయల్దేరాం. మా వాళ్ళు, తమ్ముడి వాళ్ళు, ఇంకో రెండు తెలుగు కుటుంబాలు. మా ఆవిడ పులిహోర కలిపింది. పిల్లలు జారుడు ఆడుకోవడానికి పెద్ద స్టీలు పళ్ళెం కూడా తెచ్చారు. నేను మా కారు నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, లేచి చేతులు దులుపుకుంటూ మొదలుపెట్టాను.

"అందరూ ఒక్క మాట వినండి. రోడ్డు పక్కనే ఉందాం. లోపల గండి వైపు వెళ్ళామంటే, ఈ ఏడు మంచు అడుగున పట్టు లేదు, జారిందంటే మనిషి..."

మా ఆవిడ గబగబా వచ్చి నా మాట కోసేసింది. "ఏవండీ! శుభమా అని బయల్దేరుతుంటే ఆ మాటలేంటండీ? తథాస్తు దేవతలుంటారు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది."

అందరూ నవ్వారు. ఎవరో, అన్న నోటికి తాళం వెయ్యగలిగింది వదిన ఒక్కతే అన్నారు. నేనూ నవ్వాను. తాళం పడింది. నిమ్మకాయలు తొక్కుకుంటూ మా కారు, దాని వెనక మిగతా కార్లు కదిలాయి.

కొండ మీద రోడ్డు పక్కన జనం తిరునాళ్ళలా ఉన్నారు. అక్కడే ఆగి ఉంటే బాగుండేది. కానీ మంచు అంతా తొక్కి బురద చేశారు, ఫొటోల్లో ఏం బాగుంటుంది, ఎవరూ తొక్కని చోటికి పోదాం అన్నారు మావాళ్ళు. నలుగురితో పాటు నారాయణా. నేనూ పులిహోర గిన్నె పట్టుకుని నడిచాను. అరగంట నడిచాక ఒక కొండ భుజం తిరిగితే కనబడింది గండి. తెల్లగా, నున్నగా, ఒక్క అడుగు ముద్ర లేదు. అవతలి ఒడ్డున ఎండ పడుతోంది. అక్కడికి పోవాలంటే మధ్యలో ఉన్న వాలు అడ్డంగా దాటాలి.

గాలి పోసిన పక్క. ఎక్కగలిగిన వాలు. కింద ఇరుకు. మూడూ ఉన్నాయి.

అలవాటు కొద్దీ వంగి, గిన్నెలో ఉన్న గరిటె తీసి, వాలు అంచున చిన్న గుంట తవ్వాను. పైన జానెడు మందాన పలక. గరిటె కాడతో పొడిస్తే చెక్కలా ఊడి వచ్చింది. దాని కింద నుంచి గింజలు జలజలా రాలాయి. తమ్ముడు నా పక్కన గొంతుక్కూర్చుని అరచెయ్యి పట్టాడు. చేతిలో గింజలు ఒకదానికొకటి అంటుకోలేదు.

"బొంబాయి రవ్వ మాదిరుందే అన్నా," అన్నాడు.

"ఆ," అన్నాను.

అంతే. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. వెనక పిల్లలు అరుస్తున్నారు, ఆడవాళ్ళు నవ్వుతున్నారు, మా ఆవిడ నన్నే చూస్తోంది, మళ్ళీ ఏం అంటానో అని. ఒక్క మాట, 'దాటొద్దు' అనే ఒక్క మాట నాలుక చివరిదాకా వచ్చింది. అది అంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్పాలంటే చావు మాట ఎత్తాలి. ఇంత సంతోషంగా ఉన్నవాళ్ళ మధ్య ఆ మాట ఎత్తేవాడిగా ఉండటం నాకు ఇష్టం లేకపోయింది. దాన్ని మింగేశాను.

వాడు లేచి నిలబడ్డాడు. "మీరంతా ఈడే ఉండండి. నేను ముందు పోయి సూసొస్తా," అన్నాడు అందరితో. తర్వాత నా వైపు తిరిగి, "పోయొస్తా అన్నా," అన్నాడు.

కుర్ర ఉత్సాహం అనుకున్నాను. వాడి పెళ్ళాం పాప చెయ్యి గట్టిగా పట్టుకుని నిలబడింది. వాడు పదడుగులు వేశాడు, ఇరవై వేశాడు. వాలు మధ్యకెళ్ళి ఆగి, వెనక్కి తిరిగి, మా వైపు చూసి చెయ్యి పైకెత్తాడు. ఫొటోకనుకున్నాను. అందరూ అలాగే అనుకున్నారు, ఫోన్లు ఎత్తారు. నాకు వాడివైపు చూడబుద్ధి కాలేదు. కడుపులో ఉన్న మాట కళ్ళలో కనబడుతుందేమోనని భయమేసింది. వంగి పులిహోర గిన్నె మూత తీశాను.

అప్పుడు వినబడింది. దూది బస్తా మీద ఎవరో కూలబడ్డట్టు, మెత్తగా. తల ఎత్తేసరికి వాలు అక్కడ లేదు. పలకలు పలకలుగా విరిగి గండిలోకి పోయి నిలిచిపోయింది. వాడూ లేడు. మూత ఇంకా నా చేతిలోనే ఉంది.

తర్వాతిది తల్చుకోవడం కష్టం. ఎక్కడున్నాడు? నేనొక చోటు చూపించాను. ఇంకొకరు ఇంకో చోటు చూపించారు. ఏ ఇద్దరి వేలూ ఒకవైపు లేదు. ఫోన్లలో చెయ్యెత్తి నవ్వుతున్న ఫొటోలున్నాయి, ఆ తర్వాతవి లేవు, ఎందుకంటే ఫొటో రాగానే అందరూ అది బాగా వచ్చిందో లేదో చూసుకుంటున్నారు. నా మాట మీద నేను చూపించిన చోటే తవ్వాం. చేతులతో, పళ్ళెంతో, గరిటెతో. కేకలు విని రోడ్డు మీద నుంచి సౌదీ కుర్రాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ఇక్కడ ఇసకలోకి వెళ్ళే ప్రతి బండిలోనూ పార ఉంటుంది. ఆ పారలతో, తలగుడ్డలు ఊడి పడిపోయినా చూసుకోకుండా, సొంత అన్నదమ్ముడి కోసం తవ్వినట్టు తవ్వారు. తర్వాత సహాయ దళం వాళ్ళు వచ్చారు. నేను చూపించిన చోటికి నలభై అడుగుల ఎడంగా దొరికాడు. మోచేతి లోతులోనే ఉన్నాడు. ఒక చెయ్యి పైకి ఉంది.

పావుగంట ఎప్పుడో దాటిపోయింది.

నెలరోజులు కాగితాల చుట్టూ తిరిగాను. వాణ్ణి పంపడానికి కాగితాలు, ఆ అమ్మాయికీ పాపకూ ఇక్కణ్ణుంచి శాశ్వతంగా వెళ్ళిపోవడానికి ఫైనల్ ఎగ్జిట్ కాగితాలు. పలకరించడానికి వచ్చినవాళ్ళందరూ ఒకటే మాట. రాసిపెట్టి ఉంది. మంచు గురించి మనకేం తెలుసు. తెలిస్తే వెళ్తామా. నేను తలూపుతూ కూర్చున్నాను. ఎయిర్‌పోర్టులో ఆ అమ్మాయి నన్ను ఏమీ అడగలేదు. నా ముఖం కూడా చూడలేదు. దుఃఖంలో ఉందనుకున్నాను.

భాయ్ సెలవు నుంచి తిరిగొచ్చాక చెప్పాను. పికప్ ఆపేసి అంతా విన్నాడు. ఒక్కటే అడిగాడు. "ఉస్ కీ ఆంఖ్ కౌన్ థా?"

వాడి కళ్ళు ఎవరు? ఎవరూ కాదు అన్నాను. అతను బండి స్టార్ట్ చేశాడు. మళ్ళీ ఎప్పుడూ మంచు గురించి మాట్లాడలేదు.

ఒకసారి, ఒకే ఒక్కసారి, అత్త మీద కోపం దుత్త మీద చూపించాను. నువ్వు నా నోరు మూయించకపోతే వాడు బతికేవాడు అన్నాను మా ఆవిడతో. ఆమె కూర తరుగుతున్న కత్తి పక్కన పెట్టింది.

"నేను ఊరుకోమంటే ఊరుకునే మనిషేనా మీరు? ఇరవై ఏళ్ళలో ఎప్పుడైనా ఊరుకున్నారా? కూరలో ఉప్పెక్కువైతే నలుగురిలో అనడానికి లేని మొహమాటం, అక్కడ ఎక్కణ్ణుంచి వచ్చింది?"

ఆమె అన్నది నిజం. ఆ తర్వాత ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. కానీ ఒక పొద్దున ఆమె ఉప్మాకి బాండీలో రవ్వ పోస్తుంటే, ఆ జలజల వినలేక నేను వంటింట్లోంచి లేచి వెళ్ళిపోయాను. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఉప్మా లేదు.

గుంటలో దిగినప్పుడల్లా మట్టి గోడలో తెల్ల పొర కనబడుతుంది. ఉప్పు అది, తెలుసు. అయినా వేలితో గీకి చూసుకుంటాను. పొలంలో దూరంగా పైపుల దగ్గర పనిచేసే బంగ్లాదేశీ కుర్రాడు సలాం అని చెయ్యెత్తితే, అతను చెయ్యి దించి, నడిచి, నీడలోకి చేరేదాకా నేను కళ్ళు తిప్పను. సాబ్‌కి ఏదో అయిందని వాళ్ళలో వాళ్ళు చెప్పుకుంటారట. చెప్పుకోనీ. తప్పు చేసినవాడికి ఆ మాత్రం శిక్ష ఉండాలి. నిద్రలో ఆ దూది బస్తా చప్పుడు వినబడి లేచి కూర్చుంటే, పక్కన మా ఆవిడ కూడా మేలుకునే ఉంటుంది.

మొన్న, ఈ చలికాలం మొదటి మంచు పడిన వారమే, కర్నూలు నుంచి ఫోన్ వచ్చింది. నాలుగేళ్ళలో పండక్కీ పబ్బానికీ మెసేజీలు తప్ప ఆ అమ్మాయి ఫోన్ చెయ్యలేదు. పాపకిప్పుడు పదేళ్ళు. స్కూలువాళ్ళు పిల్లల్ని ఉత్తరాదికి మంచుకొండలు చూపించడానికి తీసుకుపోతున్నారట. పాప పోతానని ఒకటే ఏడుపట.

"పంపాల్నా వద్దా అన్నా? నాకు ఏమీ తోచల్యా. నిన్నడుగుదామని చేసినా." మళ్ళీ తనే అంది. "అప్పుడంటే మనకెవురికీ తెలీకపాయ. మంచు గురించి మనకేమి తెలుసు?"

అవునమ్మా అంటే సరిపోయేది. నాలుగేళ్ళుగా అందరికీ అదే అన్నాను. మా ఆవిడ వంటింట్లో ఉంది. గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"నాకు తెలుసమ్మా," అన్నాను.

అన్నాక ఇక ఆపలేదు. భాయ్ చెప్పినవన్నీ చెప్పాను. చుక్కల రాత్రులు, పలక, గరిటెతో తవ్విన గుంట, వాడి చేతిలో రవ్వ, నా నాలుక మీదికి వచ్చిన మాట, నేను మూత తీసిన గిన్నె. నాకు తెలుసు, తెలిసీ నోరు తెరవలేదు, వాణ్ణి నేను చంపుకున్నానమ్మా అన్నాను.

"ఆయనకూ తెలుసన్నా," అంది.

తర్వాత ఆమె ఏడుస్తూ చెప్పింది. ఆ పొద్దున కారులో వాడు మొత్తం చెప్పబోయాడట. ఆ మంచు మంచిది కాదు, జారితే మనిషి దక్కడు అని మొదలుపెడితే, పాప వెనక సీట్లో ఉండగా ఆ పాడుమాటలేమని ఈమే వాడి నోటికి చెయ్యి అడ్డం పెట్టిందట.

"ఈ చేత్తోనే అన్నా. గట్టిగా మూసినా. నీకు తెలిస్తే నన్ను ఏమంటావో అని ఎయిర్‌పోర్టులో నీ మొకం గూడా సూడలేకపోతి. చేయి తీసినాంక నవ్వినాడు. సరేలే, ఇంగ అననులే, కానీ ఆడికి పోయినాంక ఎవురూ గుంపుగా దాటకుండా ముందు నేనొక్కన్నే పోతా, నువ్వు భయపడాకు అన్నాడు. అన్నకు అన్నీ తెలుసు, అన్న నన్నే సూస్తాంటాడు అన్నాడు."

నేను ఫోను పట్టుకుని గోడకు ఆనుకున్నాను. వాడు చెయ్యెత్తింది ఫొటోకి కాదు. కొండారెడ్డి బురుజు అని నవ్వినవాడు ఒక్క ముక్క కూడా వదిలిపెట్టకుండా విన్నాడు. అందరినీ ఆపి, ఒక్కడే వెళ్ళి, మధ్యలో ఆగి, పద్ధతి ప్రకారం చెయ్యెత్తి అడిగాడు. చూస్తున్నావా అన్నా అని. నోటితో అనడం ఒక్కటే చెయ్యలేదు, ఎందుకంటే ఆ నోటిని ఈ అమ్మాయి మూసింది. తన మీద కళ్ళు మాత్రం నాకు అప్పగించి వెళ్ళాడు.

"నిన్నేమీ అనను తల్లీ," అన్నాను. ఇంకేమనగలను? మూసినవాళ్ళం ఇద్దరం కాదు, ముగ్గురం. వంటింటి గుమ్మంలో మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. ఫోను మొదట్నుంచీ స్పీకర్లోనే ఉంది, అంతా విన్నది.

ఆ అమ్మాయి ముక్కు చీదుకుని అంది. "పంపుతాలే అన్నా. పాపకు ఫోనిస్తా. అన్నీ చెప్పు దానికి. ఏమీ దాయాకు. నాయనకు ఏమయిందో గూడా చెప్పు."

పాప ఫోను తీసుకుంది. గొంతు మారింది, నాయన గొంతు వచ్చింది దానికి. "చెప్పు పెదనాన్నా," అంది.

మా ఆవిడ వచ్చి నా పక్కన కూర్చుంది. చెప్పండి అంది, మెల్లగా. శుభమా అని పాప బయల్దేరుతుంటే నేను చావు మాటతో మొదలుపెట్టాను. మంచు ఎలా జారుతుందో, ఎక్కడ జారుతుందో, మనిషిని ఎంత లోతున కప్పితే చాలో, అన్నీ విడమరిచి చెప్పాను. మా ఆవిడ ఒక్కసారి కూడా అడ్డం రాలేదు. నీతో వచ్చే టీచరు వెళ్ళొద్దన్న చోటికి వెళ్ళకు, ఎవరు ఎగతాళి చేసినా సరే. నీకు భయమేస్తే భయమని గట్టిగా అను. వాలు అడ్డంగా దాటాల్సొస్తే ఒక్కొక్కరే. దాటేముందు నీ స్నేహితుల్లో ఒకర్ని పేరు పెట్టి పిలిచి, నామీద కళ్ళు నీవేనా అని అడుగు.

"అడిగితే?" అంది పాప.

"నావే అని వాళ్ళు నోటితో అనాలి. అనేదాకా అడుగు వెయ్యకు."